కావలి నుంచి బాలికి: ఏడు వేలు తగ్గే టికెట్ కొనాలా?

ప్రశ్న: మాది కావలి. నేను బ్యాంకులో పనిచేస్తాను. మావారికి తీరం వైపు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఈ ఏడాది ఎలాగైనా బాలి చూపించాలని పిల్లలు పట్టుబట్టారు. మొత్తం అయిదుగురం: మేమిద్దరం, పన్నెండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, 67 ఏళ్ల మా అత్తయ్య. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. విమానం ఎక్కడం ఆమెకు ఇదే మొదటిసారి. ఉగాదికి గానీ వేసవి సెలవుల్లో గానీ వెళ్దామనుకుంటున్నాం. తెలిసిన ఏజెంటు చెన్నై నుంచి సింగపూర్‌కు ఒక టికెట్, అక్కణ్నుంచి బాలికి వేరే కంపెనీ టికెట్ తీసుకుంటే మనిషికి ఏడు వేలు తగ్గుతుందంటున్నాడు. మావారేమో బెంగళూరు నుంచి డైరెక్ట్ విమానం ఉంది కదా అంటారు. మా ఆడపడుచు హైదరాబాద్ రమ్మంటోంది, అక్కణ్నుంచి వెళ్లొచ్చట. వయసైన మనిషి, చిన్నపిల్లలు ఉన్నారని ఒకటే టెన్షన్‌గా ఉంది. పాస్‌పోర్టులు అందరికీ ఉన్నాయి, పాప పుట్టిన ఏడాదే అయిదుగురికీ ఒకేసారి తీయించాం. ఎటు వెళ్తే మేలో చెప్పగలరు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి ఆ ఏడు వేల దగ్గరే నిలిచిపోయింది. మనిషికి ఏడు వేలంటే అయిదుగురికి 35 వేలు. ఎవరికైనా మనసు లాగుతుంది. అయినా ఆ టికెట్ వద్దనే చెబుతాను. ఎందుకు వద్దో చెప్పాకే మిగతా సంగతులు.

చెన్నై నుంచి బాలి వెళ్లేవాళ్లు ఎక్కువగా కౌలాలంపూర్‌లోనో సింగపూర్‌లోనో విమానం మారతారు. ఈ మారడంలో రెండు రకాలున్నాయి. చెన్నై నుంచి బాలి దాకా ఒకే బుకింగ్, ఒకే పీఎన్‌ఆర్ అయితే చెన్నై కౌంటర్లో పెట్టె ఇచ్చేటప్పుడే దానికి బాలి ట్యాగ్ కడతారు. మళ్లీ బాలిలో బెల్టు దగ్గరే దాన్ని చూస్తారు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో చోటు చూపించే బాధ్యత టికెట్ అమ్మిన కంపెనీది. అదే వేర్వేరు టికెట్లయితే మొదటి కంపెనీ లెక్కలో మీ ప్రయాణం సింగపూర్‌తో ముగిసింది, రెండో కంపెనీ లెక్కలో సింగపూర్‌లో మొదలవుతుంది. ఈ రెంటి మధ్య ఏం జరిగినా పూచీ మీదే.

మీ ఏజెంటు మీకు చెప్పాడో లేదో గానీ ఇందులో ఇంకో చిక్కు ఉంది. వేరే టికెట్ కాబట్టి మీ పెట్టెలు సింగపూర్‌లో దిగిపోతాయి. వాటిని తీసుకుని రెండో కంపెనీ కౌంటర్లో మళ్లీ ఇవ్వాలంటే ఇమ్మిగ్రేషన్ దాటి బయటికి రావాలి. బయటికి రావాలంటే మన పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా కావాలి. అది లేదని తెలిస్తే చెన్నైలో విమానం ఎక్కించుకోకుండా కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. చేతిసంచులతో మాత్రమే వెళ్లేవాళ్లు లోపల్నుంచే మారిపోగలరు, నిజమే. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లకు అది కుదురుతుంది. ఇద్దరు పిల్లలు, ఒక పెద్దావిడ ఉన్న ఇంటికి మనిషికి ఏడు కిలోలతో వారం రోజులు గడవదు.

ఇదంతా ఎవరో చెప్పగా విన్నది కాదు. రెండేళ్ల కిందట మా అమ్మను తీసుకుని కౌలాలంపూర్ మీదుగా ఇలాగే రెండు టికెట్లతో వెళ్లాను. మధ్యలో నాలుగు గంటలుంది, చాలదా అనుకున్నాను. చెన్నైలోనే మొదటి విమానం గంటా నలభై నిమిషాలు ఆలస్యం. దిగాక ఇమ్మిగ్రేషన్ లైను. బెల్టు దగ్గర అందరి పెట్టెలూ వస్తున్నాయి, అమ్మ నీలం పెట్టె రావడం లేదు. అది వచ్చి, రెండో కౌంటర్‌కి పరుగెత్తేసరికి మూసేసి పది నిమిషాలైంది. విమానం బయల్దేరడానికి గంట ముందే కౌంటర్ కట్టేస్తారు కదా. ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసి, మీరు రాలేదని రాసుకున్నాం, టికెట్ పోయినట్టే అంది. మొదటి కంపెనీ వాళ్లను అడిగితే మిమ్మల్ని కౌలాలంపూర్ చేర్చాం కదా అన్నారు. ఇద్దరిలో ఎవరి మాటా తప్పు కాదు. నేను కొత్త టికెట్ల కోసం ఫోన్ పట్టుకుని నిలబడితే, అమ్మ స్తంభం పక్కన ట్రాలీ అంచు మీద కూర్చుని పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఇంకెంతసేపురా అని ఒక్కసారే అడిగింది. తర్వాత అడగలేదు. ఆ రోజు నాకు తగ్గిన డబ్బు ఆరు వేలు, కొత్త టికెట్లకు పెట్టింది దానికి ఎన్నో రెట్లు. మీ అత్తయ్యకు ఆ పరిస్థితి రాకూడదు.

ఇక దారులు. మీ ఇంటికి నేను సూచించేది చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా, ఒకే బుకింగ్ మీద. చెన్నై నుంచి కౌలాలంపూర్ సుమారు నాలుగు గంటలు, అక్కణ్నుంచి బాలి మూడు గంటలు. మలేషియా ఎయిర్‌లైన్స్, ఎయిర్‌ఏషియా, బాతిక్ ఎయిర్ మూడూ ఈ దారిలో తిరుగుతాయి. ఎయిర్‌ఏషియా తక్కువ ధర కంపెనీయే అయినా ఫ్లై-త్రూ అనే పద్ధతిలో కొంటే రెండు విమానాలూ ఒకే బుకింగ్ కిందికి వస్తాయి, పెట్టెలు నేరుగా బాలి చేరతాయి, మలేషియా ఇమ్మిగ్రేషన్ దాటనక్కర్లేదు. కొనేటప్పుడు స్క్రీన్ మీద ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఒక కంపెనీలో దిగి ఇంకో కంపెనీలో ఎక్కేలా కలిపిన టికెట్లు మాత్రం వద్దు. కౌలాలంపూర్‌లో రెండు టెర్మినళ్లున్నాయి. ఎయిర్‌ఏషియా రెండో దానిలో ఆగుతుంది, మలేషియా ఎయిర్‌లైన్స్, బాతిక్ ఎయిర్ మొదటి దానిలో. ఒకదాన్నుంచి ఇంకోదానికి రైల్లో వెళ్లాలి.

సింగపూర్ మీదుగా కూడా ఒకే టికెట్ అయితే నాకు ఏ అభ్యంతరమూ లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో ఛార్జీ కాస్త ఎక్కువ గానీ మారడం సుఖం. అప్పుడు మీరు లోపలే ఉంటారు, వీసా ప్రశ్న రాదు. ఎటు వెళ్లినా మధ్యలో రెండున్నర నుంచి నాలుగు గంటల వ్యవధి ఉన్న కనెక్షన్ ఎంచుకోండి. గంటా పావు కనెక్షన్ చూపిస్తే వదిలేయండి, మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ పరుగు పెట్టలేం. తొమ్మిది గంటలు కూర్చోబెట్టేదీ వద్దు.

మీవారు చెప్పిన బెంగళూరు డైరెక్ట్ నిజమే. ఇండిగో 2024 మార్చి ఆఖరు నుంచి బెంగళూరు, బాలి మధ్య నడుపుతోంది, దాదాపు ఏడు గంటల ప్రయాణం. మారే పని లేకపోవడం అత్తయ్యకు పెద్ద ఊరట. కానీ కావలి నుంచి బెంగళూరు 400 కిలోమీటర్ల పైమాటే, ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన దేవనహళ్లిలో ఉంది. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి, పగలు లాడ్జిలో పడుకుని, మళ్లీ ఎయిర్‌పోర్టుకు బయల్దేరడం అంటే ఒక రోజు, ఒక గది ఖర్చు. బెంగళూరులో చుట్టాలుంటే, ముందురోజే వెళ్లి వాళ్లింట్లో రాత్రి నిద్ర చేయగలిగితే అప్పుడు నేను కూడా డైరెక్ట్‌కే ఓటేస్తాను. అలా ఎవరూ లేకపోతే చెన్నై.

హైదరాబాద్ మీకు చుట్టు తిరుగుడు. అక్కణ్నుంచి కూడా ఎక్కువగా కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగానే వెళ్లాలి, పైగా ఒక రాత్రి రైలు కలుస్తుంది. ఆడపడుచు ఇంట్లో రెండు రోజులు ఉండాలని ఉంటే ఆ సంగతి వేరు. గిద్దలూరు, మార్కాపురం వైపు పాఠకులు ఇలాంటి ప్రశ్నే వేస్తే హైదరాబాద్‌ను కూడా లెక్కలో పెట్టుకోమంటాను.

టికెట్ వెతికేటప్పుడు ఒక చిన్న పని చేయండి. విమానంలో సీట్లు ఒకే ధరలో ఉండవు, కొన్ని ఒక ధరకు, మరికొన్ని ఇంకో ధరకు పెడతారు. తక్కువ ధర సీట్లు మూడే మిగిలున్నప్పుడు మీరు అయిదుగురికని వెతికితే అయిదింటికీ ఎక్కువ ధరే చూపిస్తుంది. అందుకని ఒకసారి ఒక్కరికని, ఒకసారి ముగ్గురికని, ఒకసారి అయిదుగురికని వెతికి చూడండి. తేడా బాగా ఉంటే ముగ్గురు, ఇద్దరుగా రెండు బుకింగులు చేసుకోవచ్చు. విమానం మాత్రం అదే ఉండాలి, ప్రతి బుకింగులో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. ఏజెంటు చెప్పిన 35 వేలలో కొంతైనా ఇలా మిగులుతుంది, ఏ ప్రమాదమూ లేకుండా. తక్కువ ధర కంపెనీల్లో చెకిన్ లగేజీకి వేరే డబ్బు కట్టాలి. అది టికెట్‌తోపాటే కొనండి, కౌంటర్ దగ్గర కొంటే మంట పుడుతుంది.

ఉగాది సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి తెలియదు. బాలి హిందువులకు న్యేపీ అని ఒక పండగ ఉంది. అది వాళ్ల శక సంవత్సరాది. మన పంచాంగంలో శాలివాహన శకం అంటాం చూడండి, ఆ శకమే. అందుకే కొన్నేళ్లు ఆ పండగ మన ఉగాదికి ఆనుకునే వస్తుంది. 2025లో వాళ్లది మార్చి 29న, మనది 30న. 2026లో రెండూ మార్చి 19నే. మనం ఆ రోజు పచ్చడి తిని పంచాంగం వింటాం. వాళ్లు మౌనంగా ఉంటారు. దీపాలు వెలిగించరు, వీధిలోకి రారు. ఉదయం ఆరు నుంచి 24 గంటలు బాలి ఎయిర్‌పోర్టు కూడా మూసేస్తారు. టూరిస్టులైనా హోటల్లోనే ఉండాలి. ఒక పండగను అంత నిష్ఠగా చేసుకోవడం నాకు ఎంతో నచ్చుతుంది. అయితే నాలుగు రోజుల సెలవుల్లో ఒక రోజు పిల్లల్ని గదిలో కూర్చోబెట్టడం కష్టం. పైగా మార్చిలో అక్కడ వానలు పూర్తిగా తగ్గవు.

కాబట్టి వేసవి సెలవులే మంచివి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా బాలిలో పొడి కాలం. జూలై, ఆగస్టు వచ్చేసరికి ఆస్ట్రేలియా, యూరప్ జనంతో ధరలు పెరుగుతాయి. మే, జూన్ మొదటి వారం మీకు కలిసొచ్చే రోజులు. మీవారి గుంటల గురించి మీరు రాయలేదు గానీ, రొయ్యల ఇల్లు కాబట్టి నేనే అడుగుతున్నాను: పట్టుబడి, అంటే గుంటలో రొయ్యలు పట్టి అమ్మేది, ఎప్పుడు? మే మధ్యలో కౌంట్ రాక, అంటే రొయ్య అమ్మే సైజుకు పెరగక, పది రోజులు ఆగాల్సి వస్తే, గుంటను వదిలి ఆయన రాలేరు. వచ్చినా మనసంతా గుంట నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల దగ్గరే ఉంటుంది. పట్టుబడి అయిపోయాక, జూన్ 12న బడులు తెరిచేలోపు తేదీ పెట్టుకోండి. తేదీ మార్చుకునే వీలున్న ఛార్జీ కొంచెం ఎక్కువైనా అదే కొనండి. ఈ విషయంలో డబ్బు పెట్టడం దండగ కాదు.

ఒకే టికెట్ కొనమనడానికి ఇంకో కారణం అక్కడి అగ్నిపర్వతాలు. బాలికి తూర్పున ఉన్న ఫ్లోరెస్ దీవిలోని లెవొటొబి పర్వతం 2024 నవంబర్‌లో, మళ్లీ 2025 జూన్‌లో బద్దలైనప్పుడు బూడిద భయంతో బాలి విమానాలు చాలా రద్దయ్యాయి. జూన్‌లో ఢిల్లీ నుంచి బయల్దేరిన విమానం దారిలోంచే వెనక్కి తిరిగింది. భయపడి మానుకోమని కాదు. అలాంటి రోజు వస్తే ఒకే టికెట్ ఉన్నవాళ్లకు మొత్తం ప్రయాణానికి వేరే తేదీయో, డబ్బు వాపసో దొరుకుతుంది. రెండు టికెట్లున్నవాళ్లు రెండు కంపెనీలతో విడివిడిగా మాట్లాడుకోవాలి, అందులో ఒక విమానం రద్దు కాకపోతే దాని డబ్బు గల్లంతే. అయిదుగురికీ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. అత్తయ్యకు బీపీ, షుగర్ ఏదున్నా ఫారంలో దాచకుండా రాయండి.

ఇప్పుడు కావలి నుంచి చెన్నై. ఈ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దగ్గర బయల్దేరతాయి. టికెట్ మీద 20వ తేదీ 00:30 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 19 రాత్రి. 20 సాయంత్రం కారెక్కి, విమానం వెళ్లిపోయిందని దారిలో తెలుసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. క్యాలెండర్లో 19 మీద ఎర్రగా గుండ్రం చుట్టి పెట్టండి. పినాకిని ఎక్స్‌ప్రెస్ కావలిలో ఆగుతుంది, మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్ చేరుస్తుంది. సెంట్రల్ నుంచి ఎయిర్‌పోర్టుకు మెట్రో ఉంది, మారనక్కర్లేదు. మీరిద్దరే అయితే అదే చెప్పేవాణ్ని. అత్తయ్య, పెట్టెలు, పాప ఉన్నారు కాబట్టి కారే నయం. నెల్లూరు, సూళ్లూరుపేట, తడ దాటి రెడ్‌హిల్స్ దాకా సాఫీగానే వెళ్తారు, అక్కణ్నుంచి నగరంలోకి వెళ్లకుండా బైపాస్ పట్టుకోవాలి. ఎయిర్‌పోర్టు నగరానికి దక్షిణాన ఉందని మర్చిపోయి మనవాళ్లు ఎప్పుడూ సమయం తక్కువ వేసుకుంటారు. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరండి, విమానానికి మూడు గంటల ముందు లోపల ఉండండి.

తిరుగు ప్రయాణం గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. రాత్రి పదకొండుకు చెన్నైలో దిగితే అప్పటికప్పుడు కావలి బయల్దేరవద్దు. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, మీ ఒంటికి అప్పటికి ఒకటిన్నర. మీకోసం ఎదురుచూస్తున్న డ్రైవరు కూడా పొద్దుటి నుంచి నిద్ర లేకుండా ఉంటాడు. హైవే మీద తెల్లవారుజామున రెప్ప వాలితే ఏమవుతుందో మన జిల్లా పేపర్లలో వారానికొకసారి చదువుతూనే ఉన్నాం. ఎయిర్‌పోర్టు దగ్గర గది తీసుకుని పడుకుని, ఇడ్లీ తిని బయల్దేరండి.

అత్తయ్యకు వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి, కనీసం ప్రయాణానికి 48 గంటల ముందు. చెన్నైలో, మారే చోట, బాలిలో మూడు చోట్లా అని చెప్పాలి. నడవగలను కదా, కుర్చీ ఎందుకు అని ఆమె మొహమాటపడతారు. ఆ గేట్ల మధ్య దూరం మన బస్టాండులో నడక లాంటిది కాదని ముందే నచ్చజెప్పండి. ఆమె వెంట ఒకరు వెళ్లొచ్చు, బాబును పంపండి, వాడికీ బాధ్యత తెలుస్తుంది. మందులు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

పేర్ల విషయం మన ఇళ్లలో ఎప్పుడూ తంటాయే. పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకేచోట ఉండడం మామూలు. టికెట్ ఫారం మాత్రం చివరి పేరు అడుగుతుంది. అత్తయ్య పాస్‌పోర్టు అలా ఉంటే సొంతంగా ఇంటిపేరు చేర్చకండి. ఆ కంపెనీ ఎలా నింపమంటుందో ఫోన్ చేసి కనుక్కుని అలాగే నింపండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కౌంటర్లో ఆపొచ్చు.

వీసా బాలిలో దిగాక కూడా ఇస్తారు, మనిషికి 5 లక్షల రుపియా (ఇండోనేషియా డబ్బు, మన రూపాయి కాదు), పిల్లలకైనా అంతే. క్యూలో నిలబడకుండా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఇండోనేషియా ఇమ్మిగ్రేషన్ వారి సొంత సైటులో మాత్రమే సుమా, దాని చిరునామా గో డాట్ ఐడి అని ముగుస్తుంది. చూడ్డానికి అచ్చం అలాగే ఉండి రెట్టింపు గుంజేవి చాలా ఉన్నాయి. దీనికి తోడు 2024 ఫిబ్రవరి 14 నుంచి బాలి ప్రభుత్వం మనిషికి లక్షా 50 వేల రుపియా టూరిస్టు రుసుము తీసుకుంటోంది. అక్కడ దిగేవాళ్లు నింపే ఆల్ ఇండోనేషియా అనే ఆన్‌లైన్ ఫారం దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు, దానికి డబ్బు లేదు. తిరుగు టికెట్ ప్రింటు దగ్గర ఉంచుకోండి.

సామాన్లలో మూడే మాటలు. ఆవకాయ చెకిన్ పెట్టెలో పెట్టండి, చేతిసంచిలో వద్దు. పవర్ బ్యాంక్ దానికి తలకిందులు, చేతిసంచిలోనే ఉండాలి. ఎండుకొబ్బరి చెకిన్ పెట్టెలో అసలు పెట్టకూడదు, నూనె ఉంటుంది కాబట్టి నిప్పు అంటుకునే సరుకు కింద లెక్క. అత్తయ్య కొబ్బరికారం కొట్టాలనుకుంటే ఇంట్లోనే తినేసి రమ్మనండి.

అన్నిటికంటే ముందు, ఈ రాత్రే చేయాల్సిన పని ఒకటుంది. పాప పుట్టిన ఏడాదే పాస్‌పోర్టులు తీయించామని రాశారు. పెద్దవాళ్లకు పదేళ్లకు ఇస్తారు, పిల్లలకు అయిదేళ్లకే. పాపకు ఆరేళ్లు. అంటే పాపదీ బాబుదీ రెండూ ఇప్పటికే గడువు దాటిపోయి ఉంటాయి. బీరువా తీసి చూడండి. దాటి ఉంటే రేపే పాస్‌పోర్ట్ సేవా సైటులో ఇద్దరికీ రీ-ఇష్యూకి పెట్టి, అపాయింట్‌మెంట్ తీసుకోండి. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అనెక్జర్ డి అనే సమ్మతి పత్రం, పాత పాస్‌పోర్టులు పట్టుకెళ్లాలి. పెద్దవాళ్లవి కూడా బాలిలో దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పిల్లల కొత్త పుస్తకాలు చేతికొచ్చేదాకా ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.